కత్తి చేతికి రాకముందు ఆమె ఏం పోగొట్టుకుంది?

మహారాష్ట్రలోని బల్లార్షా నుంచి ఒక బిడ్డ అడిగింది. వాళ్ల కాలేజీలో మార్చి 8న "స్త్రీ శక్తి" పేరు మీద ఒక సినిమా వేయాలట. అబ్బాయిలు విజయశాంతి పోలీసు సినిమా అంటున్నారు, సారు 'మదర్ ఇండియా' అంటున్నారు, ఈమెకేమో రెండిట్లోనూ ఎక్కడో తేడా కొడుతోంది కానీ ఏమిటని అడిగితే చెప్పలేకపోతోంది. ఆడవాళ్ల బలాన్ని నిజంగా చూపించిన సినిమా ఏది, దాన్ని ఎట్లా గుర్తుపట్టాలి అని ప్రశ్న.

బిడ్డా, ముందు నేనెవరో చెప్తా, తర్వాత నా మాట ఎంతవరకు నమ్మాలో నువ్వే చూసుకో. మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. రైలెక్కితే కాసేపట్లో బాసర. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, సినిమా హాల్లో హిందీ, మీ బల్లార్షాలో ఎట్లనో మా దగ్గరా అట్లనే. నేను సినిమా చదువు చదవలేదు. ఇరవై ఏళ్లకు పైగా బచత్ గట్లు నడిపిన మనిషిని (తెలంగాణలో మీ చుట్టాలుంటే డ్వాక్రా అంటారు చూడు, అదే). ఒట్టి లెక్కల కోసం బైఠక్ పెడితే ఎవరూ రారు కాబట్టి నెలకోసారి మీటింగ్ అయ్యాక సినిమా వేసేదాన్ని, మొదట్లో టీవీ, సీడీ ప్లేయరు అద్దెకు తెచ్చి, తర్వాత ప్రొజెక్టరుతో. అట్లా ఒక్కో సినిమా నాలుగైదు ఊళ్లలో చూడాల్సి వచ్చేది. ఐదోసారి చూసేటప్పుడు తెర మీద కొత్తగా ఏముంటుంది, చూసేవాళ్ల మొఖాలు చూస్తూ కూర్చునేదాన్ని. నేను నేర్చుకున్నదంతా ఆ మొఖాల్లోనే.

అబ్బాయిలు చెప్పిన 'కర్తవ్యం' సంగతి మొదట. 1990లో వచ్చింది. కిరణ్ బేడీని చూసి అల్లిన పాత్ర, పేరు వైజయంతి, ఆ వేషానికి విజయశాంతికి జాతీయ అవార్డు వచ్చింది. తమిళంలోకి డబ్ చేస్తే అక్కడా బాగా ఆడింది, హిందీలో ఆమెతోనే మళ్లీ తీశారు. దాన్ని చిన్నచూపు చూడను. హాలు నిండా మగవాళ్లు ఒక ఆడమనిషి జీపు దిగుతుంటే ఈలలు వేయడం, అదీ ఆమె ఒళ్లు చూసి కాకుండా లాఠీ చూసి వేయడం, ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. కానీ మా గట్‌లో వేసినప్పుడు ఒక పెద్దామె సగంలో లేచి అడిగింది, "ఇదంత సరే గానీ, ఈమె ఠాణాకు పోతే ఇంట్ల బువ్వ ఎవరు వండుతున్నరు?" అందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ సినిమాలోనే కాదు, నేను వేసిన అట్లాంటి సినిమాల్లో దేంట్లోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఫైటింగ్ చేసే హీరోయిన్‌కు బియ్యం నిండుకోవు, పిల్లలకు జ్వరం రాదు, బస్సు తప్పిపోదు. అంటే ఆమెను బలంగా చూపించడానికి ముందుగా ఆమె బతుకులోంచి ఆడవాళ్లు రోజూ మోసే బరువంతా తీసి పక్కన పెట్టేశారు. మిగిలింది ఖాకీ బట్టలు వేసుకున్న హీరో, పేరు మాత్రం ఆడపేరు.

నీకు తేడా కొట్టింది ఇదొక్కటే అయ్యుండదు. ఇంకొకటుంది, అది ఇంతకంటే లోతు.

'ప్రతిఘటన' చూశావా? 1985, టి. కృష్ణ తీశారు. నాకప్పుడు కొత్తగా పెళ్లయింది. అందులో ఝాన్సీ లెక్చరర్. రౌడీ మీద సాక్ష్యం చెప్పడానికి నిలబడిందని వాడు నలుగురు చూస్తుండగా ఆమె బట్టలు ఊడదీస్తాడు, తర్వాత క్లాసులో పిల్లలే బోర్డు మీద పిచ్చి బొమ్మ గీస్తారు, ఆఖరికి ఆమె గొడ్డలితో వాణ్ని నరుకుతుంది. ఆ రోజు హాల్లో నేను ఏడ్చాను, ఇప్పటికీ అది నిజాయితీగా తీసిన సినిమా అనే అంటాను. అయితే తర్వాత ఏళ్ల తరబడి వచ్చిన సినిమాలు దాంట్లోంచి ఏం తీసుకున్నాయో చూడు. ఆమె క్లాసులో నిలబడి పిల్లలతో మాట్లాడిన ధైర్యాన్ని వదిలేశాయి. బట్టలు ఊడదీయడాన్నీ గొడ్డలినీ తీసుకున్నాయి. ముందు చెడగొట్టు, తర్వాత కత్తి చేతికివ్వు. ఆడదానికి కోపం రావాలంటే ముందు అంత జరగాలన్నట్టు. హీరోకేమో ఎవడో కాలు తొక్కినా కోపం వస్తుంది, ఫైట్ వస్తుంది.

'అరుంధతి' (2009) సంగతే తీసుకో. ఆ జేజమ్మ కంటే ఠీవి ఉన్న ఆడ పాత్ర తెలుగులో నాకు గుర్తు లేదు, అనుష్క నడిచొస్తుంటే మా వాళ్లు కొంగు సర్దుకుని కూర్చున్నారు. కానీ ఆ పిశాచాన్ని చంపాలంటే ఆమె చచ్చిపోవాలి, ఆమె ఎముకలతోనే ఆయుధం చేయాలి, ఆమె మళ్లీ పుట్టాలి. సంస్థానం ఏలే మనిషికే శక్తి రావాలంటే అంత ఖర్చు. సారు చెప్పిన 'మదర్ ఇండియా' (1957) కూడా అంతే, నర్గీస్ కాడి భుజానేసుకుని పొలం దున్నుతుంది, షావుకారుకు లొంగదు, ఇంత చేసిన మనిషి చేతికి ఆఖర్న తుపాకీ వస్తే దాన్ని పేల్చేది షావుకారు మీద కాదు, కడుపున పుట్టిన కొడుకు మీద. కొడుకు షావుకారు కూతుర్ని ఎత్తుకుపోతుంటే, ఊరి పరువు ఆడపిల్ల మీద ఉందని, దాన్ని కాపాడ్డానికి. గొప్ప సినిమానే. మీ కాలేజీలో వేస్తే ఆ తుపాకీ ఎవరికోసం పేలిందో పిల్లల్ని అడగమని సారుతో చెప్పు.

ఇది సినిమా వాళ్లు కనిపెట్టింది కాదులే. మాహూర్ మా జిల్లాలోదే, రేణుకమ్మ కొండ. మనవాళ్లు ఎల్లమ్మ అని బోనాలు ఎత్తేది ఆమెకే. బైండ్లోళ్లు జమిడిక వాయిస్తూ చెప్పే కథ నువ్వూ వినే ఉంటావు, మొగుడికి అనుమానం వచ్చింది, కొడుకును పిలిచి తల నరకమన్నాడు, కొడుకు నరికాడు. దేవత అయింది ఆ తర్వాత. మాహూర్ గుడిలో ఉండేది ఒక్క మొఖమే, ఒళ్లు లేదు. నేను ఏటా పోయి దండం పెట్టుకునేదాన్నే, భక్తి మీద నాకు తగాదా లేదు. కానీ ఒక ఏడు మెట్లెక్కుతుంటే మా గట్ పిల్ల ఒకామె అన్నది, "అక్కా, నరికినోనికి ఏం కాలేదు గదా?" మా సినిమాలన్నీ నాకప్పుడు ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

అందుకని ఇప్పుడు ఏ సినిమా చూసినా నేను చూసేది మూడే. ఆమెకు బలం రాకముందు ఏం పోగొట్టుకోవాల్సి వచ్చింది, వచ్చిన బలం సినిమా అయిపోయే వరకు ఆమె దగ్గరే ఉందా, డబ్బు ఎవరి చేతిలో ఉంది. అమెరికాలో ఆలిసన్ బెక్డెల్ అనే ఆమె 1985లో ఒక బొమ్మల కథలో పెట్టిన పరీక్ష ఒకటి ఉంది, సినిమాలో ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి, అదీ మగవాడి గురించి కాకుండా. దాంతో కూడా చూడొచ్చు, ఎన్ని సినిమాలు తప్పుతాయో లెక్కపెట్టుకుంటే నవ్వొస్తుంది, కానీ అది చాలా కింది మెట్టు, ఇద్దరు కలిసి చీర గురించి మాట్లాడుకున్నా పాసే.

డబ్బు సంగతి ఎందుకన్నానంటే, మన తెలుగు సినిమాకు ఆడదాని కత్తి అంటే భయం లేదు, ఆడదాని డబ్బంటేనే భయం. 'గుండమ్మ కథ' (1962) నేను ఎన్నిసార్లైనా చూస్తాను, సూర్యకాంతం ముందు ఎవరూ ఆగరు, కానీ కథేమిటి? ఇంట్లో పెత్తనం చేసే ఆడమనిషినీ పొగరున్న ఆమె కూతుర్నీ దారికి తేవడం, ఆ కూతురితో తోటపని చేయించి మరీ. ముప్పై ఏళ్లకు 'ఘరానా మొగుడు' (1992) వచ్చింది. అందులో నగ్మా కంపెనీ నడుపుతుంది, అంతమంది మీద అధికారం ఉన్న మనిషి. ఆమె అహం దిగాక గానీ కథ ముగియదు, హాలు అంతా దానికోసమే ఎదురుచూసింది, నేను కూడా, అబద్ధం ఎందుకు. 'శుభలగ్నం'లో (1994) ఆమని డబ్బు మీద ఆశతో మొగుణ్ని కోటి రూపాయలకు అమ్ముకుంటుంది. మా వాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు, ఆమెను తిట్టారు. తాగుడు కోసం పెళ్లాం పుస్తెలు అమ్మిన మగవాళ్లు ఆ గదిలో కూర్చున్న సగం మంది ఇళ్లలో ఉన్నారు, వాళ్ల మీద నాకు తెలిసి ఒక్క సినిమా రాలేదు.

పాతవాటిలో 'మిస్సమ్మ' (1955) నాకు చాలా ఇష్టం. నవ్వుకోవడానికే చూస్తారు గానీ, దాని అడుగున ఉన్నది ఒక చదువుకున్న పిల్ల, అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి, భార్యాభర్తలైతేనే ఇస్తామంటే పరాయివాడితో పెళ్లయినట్టు నటిస్తుంది. సావిత్రి మొఖంలో ఆ చిరాకు చూడు, ప్రేమ కోసం కాదు, జీతం కోసం ఓర్చుకుంటున్న చిరాకు. ఆఖరికి ఆమె జమీందారు తప్పిపోయిన కూతురని తేలడంతో ఆ చిక్కంతా తేలిపోతుంది, అది వేరే సంగతి. 'అంతులేని కథ' (1976)లో జయప్రద ఒక్కతే సంపాదిస్తుంది, ఇంటిల్లిపాదీ తింటుంది. అందులో ఆమె మాటలు మహా కటువు, అట్లా కటువుగా మాట్లాడే ఆడదాన్ని విలన్ చేయకుండా మధ్యలో నిలబెట్టడం పెద్ద పని. కానీ అంత సంపాదించినా ఆమె కోసం ఆమె ఏమీ ఉంచుకోదు. మా గట్‌లో చాలామందికి అదే సొంత కథ, అందుకే ఆ సినిమా అయ్యాక ఎవరూ మాట్లాడలేదు, చాప చుట్టుకుని వెళ్లిపోయారు.

ఒక పక్కమాట. తెర మీద బలం సంగతి ఇంతసేపు మాట్లాడుకుంటున్నాం, తెర వెనక చూడు. భానుమతి 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో తీసింది. విజయనిర్మల 44 సినిమాలు డైరెక్ట్ చేసి 2002లో గిన్నిస్ బుక్కెక్కింది. మీ కాలేజీలో విజయనిర్మల ఎవరని అడిగి చూడు, కృష్ణ భార్య అంటారు.

ఇక మన పక్కదే, 'సైరాట్' (2016). దీని గురించి అందరూ హీరోయిన్ ఆర్చీ బుల్లెట్ నడిపిందనీ ట్రాక్టర్ తోలుకుంటూ వచ్చిందనీ చెప్తారు, అదే ఆడశక్తి అంటారు. నాకు అది వాళ్ల నాన్న శక్తి లాగానే కనిపించింది. పాటిల్ కూతురు కాబట్టి ఊళ్లో ఎవరూ నోరెత్తరు, వేరే ఇంటి పిల్ల అదే బుల్లెట్ ఎక్కితే ఏమయ్యేదో మనకు తెలుసు. ఆమె, ప్రేమించిన అబ్బాయి ఇద్దరూ పారిపోయి హైదరాబాద్ వచ్చాక అసలు ఆర్చీ మొదలవుతుంది. మురికివాడలో గది, తెలియని భాష, ఏడుపు. అక్కడ ఆమె ఫ్యాక్టరీలో పనికి కుదిరి, పక్క పిల్ల దగ్గర తెలుగు నేర్చుకుంటుంది. మరాఠీ సినిమాలో హీరోయిన్ ఒక్కొక్క తెలుగు ముక్క కూడబలుక్కుంటుంటే మా వాళ్లు తెరతోపాటు అందిస్తున్నారు! చప్పట్లు ట్రాక్టర్‌కు రాలేదు మా దగ్గర, ఆ తెలుగు ముక్కలకొచ్చాయి. పెళ్లయి అటు నుంచి ఇటు వచ్చినవాళ్లు, భాష రాక ఆర్నెల్లు నోరు మూసుకుని బతికినవాళ్లు ఉన్నారు కదా. ఆఖరు సంగతి చెప్పను, చూడకపోతే చూడు, నేనైతే రెండోసారి ఆఖరు చూడలేదు, లేచి బయట కూర్చున్నాను.

అన్నిట్లోకీ నిజమైన సినిమా ఏదంటే 'ఉంబర్ఠా' అంటాను, గడప అని అర్థం. 1982, మరాఠీ, జబ్బార్ పటేల్ తీశారు. స్మితా పాటిల్ పిల్లనూ మొగుణ్నీ ఇంట్లో వదిలి ఒక మహిళాశ్రమానికి సూపరింటెండెంట్‌గా పోతుంది. ఎవరూ ఆమెను కొట్టలేదు, చెడగొట్టలేదు, ఇంట్లో లోటు లేదు. ఉత్తగా, పని చేయాలనిపించి పోయింది. అదే జనానికి మింగుడు పడదు. నేను ఒక ఊళ్లో వేశాను, మర్నాడు పొద్దున్నే పదిమంది మగవాళ్లు వచ్చి "మా ఆడోళ్లకు ఇల్లిడిచి పోవుడు నేర్పుతున్నవా" అని గొడవ, ఒక పెద్దమనిషి ఊరి హాలు సమాజ్ మందిర్‌కు తాళం వేయించాడు, రెండు నెలలు మా బైఠక్‌లు చింతచెట్టు కింద జరిగాయి. వాళ్ల సంగతి అట్లుంచు, మా ఆడవాళ్లలోనే సగం మంది ఆ పిల్ల కోసం ఏడ్చి స్మితాను తిట్టారు. అత్యాచారం జరిగి కత్తి పట్టిన ఆమెను ఎవరూ తిట్టలేదు, జీతానికి పోయిన ఆమెను తిట్టారు. నీ మొదటి ప్రోగ్రామ్‌కు ఇది వేయకు. రెండో ఏడు వెయ్యి.

మలయాళంలో వచ్చిన 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) గురించి నీ ఈడు వాళ్లు అడుగుతారు. వంటింట్లో సింకు పైపు కారుతూనే ఉంటుంది, మొగుడికి చెప్తూనే ఉంటుంది, వాడు మర్చిపోతూనే ఉంటాడు. ఆ పెద్దామె అడిగిన బువ్వ ప్రశ్నకు సినిమా అంతా జవాబే. మా కోడళ్లు ఫోన్లలో చూశారు, అత్తలతో కలిసి చూడలేదు. 2023లో 'బాయిపణ్ భారీ దేవా' అని మరాఠీలో వచ్చింది చూడు, ఆరుగురు అక్కచెల్లెళ్లు మంగళాగౌరి ఆటల పోటీ కోసం మళ్లీ కలుస్తారు, కథ మెత్తనిదే, కానీ మా గట్ నుంచి ఆడవాళ్లు ఆటోలు మాట్లాడుకుని, సొంత పైసలతో టికెట్లు కొనుక్కుని, వెంట ఒక్క మగవాడు లేకుండా పోయి చూసొచ్చారు. నలభై ఏళ్లలో హాలు గడప తొక్కని ఒకామె ఇంటర్వెల్‌లో సమోసా తన డబ్బుతో కొనుక్కుంది. సినిమా కంటే నాకు ఆ సమోసానే గుర్తుంది.

మన కళ్ల ముందు జరిగినవి మాత్రం సినిమాలుగా రావు, ఎందుకో ఆలోచించు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, 1992 కల్లా అది రాష్ట్రమంతా పాకి ఆఖరికి మద్యనిషేధం దాకా పోయింది. మన మహారాష్ట్రలో ఊరి మందు దుకాణం మీద ఓటింగ్ పెట్టించుకునే హక్కు ఆడవాళ్లకు ఉంది, చీటీ మీద నిలబడ్డ సీసా ఒకటి, పడుకున్న సీసా ఒకటి, ఊళ్లోని ఆడ ఓటర్లలో సగానికి పైగా పడుకున్న సీసాకు వేస్తే దుకాణం బంద్. మీ చంద్రాపూర్ జిల్లాలో 2015 నుంచి 2021 దాకా మందే బంద్ ఉండె కదా, ఆ నిషేధం అడిగి రోడ్డెక్కిన ఆడవాళ్లు మీ వీధిలోనే ఉండి ఉంటారు. అందులో హీరోయిన్ ఒక్కతి ఉండదు. ఇల్లిల్లూ తిరగడం, సంతకాలు, తహసీల్ ఆఫీసులో పొద్దంతా కూర్చోవడం, తోటికోడలితో పాత తగాదా మర్చిపోయి ఆమె ఓటు అడగడం. స్లో మోషన్‌లో తీయడానికి ఏమీ లేదు, స్టార్ నిలబడడానికి చోటు లేదు.

ఇట్లాంటి బలానికి దగ్గరగా వచ్చిన సినిమా నాకు తెలిసి ఒకటుంది, నువ్వు వేయాల్సింది అదే. 'మిర్చ్ మసాలా', 1987, కేతన్ మెహతా. తెల్లవాళ్ల కాలం, గుజరాత్‌లో ఒక ఊరు. పన్నులు వసూలు చేసే సుబేదారు కన్ను సోన్‌బాయి మీద పడుతుంది, ఆమె చెంప పగలగొట్టి పరిగెత్తి మిరపకారం కొట్టే కార్ఖానాలోకి దూరుతుంది. ముసలి కాపలాదారు తలుపు మూసేస్తాడు, ఇక తెరవనంటాడు. ఊరి పెద్దలంతా ఆమెను అప్పగించేద్దామంటారు. ఆఖరికి ఆడవాళ్లు వాడి కళ్లల్లో కారం కొడతారు, అది అందరికీ తెలుసు.

మా ఊరు మిరపకు పేరు. ఎండాకాలం కుప్పల ముందు కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లే మా గట్‌లో సగం, చేతుల మంటకు నూనె రాసుకుని పడుకునేవాళ్లు. వాళ్లకు కారం చల్లడం గొప్పగా అనిపించలేదు. "అంత కారం సల్లితే సేటు కూలి కోస్తడు గదనే" అని ఒకామె అంటే అంతా గొల్లున నవ్వారు. వాళ్లు కదిలింది మధ్యలో. తలుపు మూశాక లోపలున్న ఆడవాళ్లే సోన్‌బాయి మీద పడతారు, నీ వల్ల మాకెందుకీ గోస, పో బయటికి అని. ఆ గొడవ జరుగుతుంటే మా గదిలో ఊపిరి వినబడింది. ఎందుకంటే మేమూ అట్లా ఒకామెను గట్ నుంచి పంపేశాం ఒకప్పుడు, మొగుడు బాకీ ఎగ్గొట్టాడని, మా పేరు చెడుతుందని. ఆమె కూడా ఆ రోజు వెనక వరసలో కూర్చునుంది. ఎవరూ ఆమె వైపు తిరిగి చూడలేదు.

హిందీలో ఉంది, మీ దగ్గర అందరికీ అర్థమవుతుంది. సినిమా అవ్వగానే లైట్లు వేసి మైకు తీసుకుని భాషణం మొదలుపెట్టొద్దని సారుకు చెప్పు, కాసేపు ఊరుకోండి అని. అబ్బాయిలు కారం సీను గురించే మాట్లాడతారు, మాట్లాడనీ. నువ్వు మాత్రం ముఖియా (ఊరి పెద్ద) భార్య పాత్రను గుర్తుపెట్టుకో, దీప్తి నావల్ వేసింది. మొగుడికి చెప్పకుండా కూతుర్ని తీసుకెళ్లి బళ్లో చేర్పిస్తుంది, ఆ బళ్లో మరో ఆడపిల్ల లేదు. మొగుడు మండిపడతాడు. తర్వాత ఆమే ఊరి ఆడవాళ్లను పోగుచేసుకుని పళ్లేలు మోగిస్తూ వీధిలోకొస్తుంది.

మా దగ్గర సినిమా అయిపోయి చాపలు దులుపుతుంటే ఒక పిల్లతల్లి నన్ను ఆపి అడిగింది, "అక్కా, ఆ పొల్ల మల్ల బడికి పోయిందా, లేదా?" అప్పటికి నేను దాన్ని కనీసం ఏడెనిమిదిసార్లు చూసి ఉంటాను, నాకెప్పుడూ ఆ అనుమానం రాలేదు. మీ హాల్లో ఎవరైనా అది అడిగితే నాకు రాయి.